ఏడాది సొరుగులో ఉన్నా వెలగాలి: ఒక చిన్న టార్చి రీడిజైన్ కేస్ స్టడీ

వెనక్కి వచ్చిన టార్చిల పెట్టె నా బల్ల మీదికి చేరేసరికి అందులో ఇరవై పైచిలుకు ఉన్నాయి. అన్నీ మేం డిజైన్ చేసినవే. ఒకే ఒక్క డబుల్ ఏ సెల్‌తో నడిచే, గుప్పిట్లో ఇమిడిపోయే అల్యూమినియం టార్చి. ఫిర్యాదు కాగితాల మీద మాటలు వేరైనా విషయం ఒకటే: కావాల్సినప్పుడు వెలగలేదు. వెలుగు చాలలేదని ఒక్కరూ రాయలేదు. నన్ను ముందుగా పట్టుకున్నది ఈ సంగతే. ఎందుకంటే ఆ మోడల్ మీద మేం పెట్టిన శ్రమలో ముప్పాతిక వంతు వెలుగు పెంచడానికే పోయింది.

మొదట చేతికందిన దాని వెనక మూత తిప్పబోతే కదల్లేదు. రబ్బరు గుడ్డ చుట్టి బలం పెడితే కరకరమంటూ వచ్చింది. మూత మర చుట్ల నిండా తెల్లటి పొడి. స్ప్రింగు కింది చుట్టు మీద నికెల్ పూత పొరలుగా లేచిపోయి, లోపలి ఉక్కు గోధుమరంగుకి తిరిగింది. సెల్ గొట్టానికి అతుక్కుపోయింది, బోర్లించి బల్లకేసి తట్టినా జారలేదు. ఆల్కలైన్ సెల్ పూర్తిగా అయిపోయాక లోపల హైడ్రోజన్ పుట్టి ఒత్తిడి పెరుగుతుంది. ఒక హద్దు దాటాక సీలు తెరుచుకుని పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి అదే పొటాషియం కార్బనేట్‌గా, ఈ తెల్ల పొడిగా గడ్డకడుతుంది. సెల్ నాసిరకం అనేసి కాగితం మూసేయొచ్చు. కానీ పెట్టెలో సగానికి పైగా ఇలాగే ఉన్నాయి, సెల్స్ చూస్తే వేర్వేరు కంపెనీలవి. తప్పు సెల్‌ది కాదు, దాన్ని ఆఖరి బొట్టు దాకా పీల్చిన మా సర్క్యూటుది.

ఆపి ఉన్నప్పుడు తాగుతున్న కరెంటు

పాత మోడల్‌లో పక్కన చిన్న ఎలక్ట్రానిక్ బటన్ ఉండేది. అలాంటి బటన్ సెల్‌ని సర్క్యూటు నుంచి విడదీయదు, నొక్కాను అన్న కబురు మాత్రమే మైక్రోకంట్రోలరుకి, అంటే టార్చిని నడిపే చిన్న కంప్యూటరు చిప్‌కి, చేరవేస్తుంది. అంటే టార్చి ఆపి ఉన్నా మైక్రోకంట్రోలరు ఒక చెవి తెరుచుకుని ఉండాలి. నిద్రలో అది 1 మైక్రోఆంపియర్ కూడా తాగదని డేటాషీటులో ఉంది, ఆ అంకె చూసి మేం నిశ్చింతగా ఉండిపోయాం.

అసలు లెక్క వేరే చోట ఉంది. కొత్త డబుల్ ఏ సెల్ ఇచ్చేది 1.5 వోల్టులు, వాడేకొద్దీ 1 వోల్టు కిందికి దిగుతుంది. మేం వాడిన మైక్రోకంట్రోలరుకి కనీసం 1.8 వోల్టులు కావాలి. కాబట్టి అది నిద్రలో ఉన్నా దానికి వోల్టేజి పెంచి పెట్టే బూస్ట్ సర్క్యూటు మాత్రం రాత్రింబగళ్లు పనిచేస్తూనే ఉండాలి. మీటరుని సెల్‌తో సిరీస్‌లో పెట్టి కొలిస్తే 300 మైక్రోఆంపియర్లు చూపించింది. తక్కువ కరెంటు దగ్గర ఆల్కలైన్ సెల్ కెపాసిటీ 2,500 మిల్లీఆంపియర్ అవర్ అనుకుంటే 8,333 గంటలు, అంటే 347 రోజులు. కొత్త సెల్ వేసి సొరుగులో పెట్టిన మనిషి, ఒక్కసారి కూడా వెలిగించకుండానే, ఏడాది తిరిగేసరికి చచ్చిన సెల్‌ని చూస్తాడు. చచ్చాక కూడా సర్క్యూటు వదలదు, ఇంకా లాగుతుంది. లీకయ్యేది అప్పుడే.

సర్క్యూటు డిజైన్ చూసే సహచరుడు బూస్ట్ చిప్ మారుద్దామన్నాడు. "సార్, 10 మైక్రోఆంపియర్లకి దించగలను. కాగితం మీద 28 ఏళ్లు వస్తుంది."

"బోర్డు మీద తేమ చేరి, బటన్ చుట్టూ లీకేజి మొదలైతే?"

కాసేపు ఆలోచించి, "అది నా చేతుల్లో ఉండదు సార్" అన్నాడు.

అందుకే పక్క బటన్ తీసేసి, వెనక మూతలో క్లిక్ స్విచ్చి పెట్టాం. అది సెల్‌ని నిజంగానే విడదీస్తుంది. ఆపితే సున్నా. దీనికి బదులుగా కొన్ని వదులుకున్నాం: చీకట్లో టార్చి ఎక్కడుందో చూపించే చిన్న ఆకుపచ్చ దీపం, నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా పెరిగే వెలుగు. వెలుగు స్థాయి మార్చడానికి స్విచ్చిని సగం నొక్కి వదలాలి. ఆ క్షణం కరెంటు తెగుతుంది. ఎంతసేపు తెగిందో ఒక చిన్న కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జిని బట్టి మైక్రోకంట్రోలరు గుర్తిస్తుంది. ఒక సెకను లోపు తిరిగొస్తే తర్వాతి స్థాయి, ఇంకా ఆలస్యమైతే మొదటి స్థాయి. పాత పద్ధతే, కానీ చాలా నమ్మకమైన పద్ధతి.

స్ప్రింగులో పోతున్న వోల్టేజి

స్విచ్చి వెనక్కి వెళ్లాక కరెంటంతా స్ప్రింగు, స్విచ్చి, మూత మరల మీదుగా తిరిగి రావాలి. మొదటి నమూనా వెలిగింది గానీ పాతదానికంటే మసకగా ఉంది. ఎల్ఈడీ అదే, బూస్ట్ అదే.

ఇలాంటప్పుడు రెసిస్టెన్స్ కొలవడానికి మీటరుని ఓమ్స్ మీద పెట్టి లాభం లేదు. మనం వెతికేది మిల్లీఓమ్స్, మామూలు మీటరు తీగలకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. బెంచి పవర్ సప్లయితో స్థిరంగా 1.5 ఆంపియర్లు పంపి, మీటరుని మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక్కో అతుకు రెండు పక్కలా ప్రోబ్‌లు ఆనించాను. స్ప్రింగు పై కొన నుంచి కింది కొనకి 90 మిల్లీవోల్టులు. స్విచ్చి లోపల 50. మూత బోర్డు అంచు గొట్టం అంచుకి తగిలే చోట 45, అదీ నిలకడగా లేదు, మూతని వేలితో నొక్కితే 20కి దిగి, వదిలితే మళ్లీ పైకి పోతోంది. భూతద్దం పెట్టి చూస్తే గొట్టం అంచున నల్లటి ఆనోడైజింగ్ పొర అక్కడక్కడా మిగిలిపోయి ఉంది. ఆనోడైజింగ్ అంటే అల్యూమినియం ఆక్సైడు, కరెంటుని పోనివ్వదు. అంచుని మెషిన్ మీద శుభ్రంగా చెక్కాల్సిన చోట డ్రాయింగులో మేం ఆ మాట రాయలేదు.

మూడూ కలిపి 185 మిల్లీవోల్టులు. 3.7 వోల్టుల లిథియం సెల్ అయితే దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ 1.2 వోల్టుల రీచార్జి సెల్ మీద ఇది 15 శాతం. ఒక్క సెల్ టార్చి డిజైన్ చేసేవాళ్లు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన లెక్క ఇది.

ఉక్కు స్ప్రింగు తీసేసి వెండి పూత ఉన్న ఫాస్ఫర్ బ్రాంజ్ స్ప్రింగు వేశాం. నమూనా దశలో స్ప్రింగు లోపలి నుంచి సన్నటి మెత్తని రాగి తీగ సోల్డర్ చేసి చూశాను. ఫలితం ఇంకా బాగుంది, కానీ సోల్డర్ వేడికి స్ప్రింగు మెత్తబడే ప్రమాదం ఉంది, వేలల్లో చేసేటప్పుడు చేతిపని నిలకడగా రాదు. స్విచ్చి కూడా పెద్ద కరెంటు తట్టుకునేది ఎంచుకున్నాం. గొట్టం అంచు చెక్కించాం, మరల మీద మాత్రం ఆనోడైజింగ్ ఉంచేశాం. దీనివల్ల ఒక మేలు: మూతని కొద్దిగా వెనక్కి తిప్పితే చాలు, అంచు వదిలేస్తుంది, మరలు కరెంటు మోయవు, సంచిలో స్విచ్చి నొక్కుకుపోయినా టార్చి వెలగదు. మార్పులయ్యాక అదే 1.5 ఆంపియర్ల దగ్గర మొత్తం నష్టం 60 మిల్లీవోల్టుల లోపుకి వచ్చింది.

అట్ట మీది అంకె

పాత మోడల్ అట్ట మీద 250 ల్యూమెన్లు (బయటికొచ్చే మొత్తం వెలుగు కొలత) అని ఉండేది. ఆ అంకె అబద్ధం కాదు, సెల్‌కి మాత్రం మోయలేని బరువు. ఎల్ఈడీ, లెన్సు నష్టాలు కలిపి వాటుకి 100 ల్యూమెన్లు బయటికొస్తాయనుకుంటే ఎల్ఈడీకి 2.5 వాట్లు కావాలి. బూస్ట్ 85 శాతం పనితనంతో నడిస్తే సెల్ నుంచి దాదాపు 3 వాట్లు, అంటే 1.1 వోల్టు దగ్గర 2.7 ఆంపియర్లు. కొత్త ఆల్కలైన్ సెల్ అంతర్గత రెసిస్టెన్స్ 0.2 ఓమ్ దరిదాపుల్లో ఉంటుంది. 2.7ని 0.2తో గుణిస్తే అర వోల్టు పైనే సెల్ లోపలే వేడైపోతోంది. బూస్ట్ సర్క్యూటు గుణం ఏమిటంటే, ఎల్ఈడీకి ఇచ్చే పవర్ తగ్గకుండా చూడబోతుంది. సెల్ వోల్టేజి తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది, ఎక్కువ లాగితే వోల్టేజి ఇంకా పడిపోతుంది. వాడేవాళ్లకి కనిపించేదేమిటంటే, సెల్‌లో సగం పైగా శక్తి ఉండగానే టార్చి ఉన్నట్టుండి ఆరిపోవడం.

అమెరికాలో డేవిడ్ మిసెల్ 1899 జనవరి 10న పేటెంటు పొందిన గొట్టపు టార్చి నాటికి సెల్స్ నిలకడగా కరెంటు ఇవ్వలేకపోయేవి. కాసేపు మెరిపించి ఆపాల్సి వచ్చేది. ఫ్లాష్‌లైట్, అంటే మెరిసే దీపం, అన్న ఇంగ్లిషు పేరు అలా వచ్చిందే. ఎల్ఈడీలు ఇంత ముందుకొచ్చాక కూడా చిన్న సెల్‌ని ఎక్కువ లాగితే మనం ఆ రోజులకే తిరిగి వెళ్తాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. టార్చిల కొలతలకి 2009లో వచ్చిన ఎఫ్ఎల్ 1 ప్రమాణం ప్రకారం రన్‌టైమ్ అంటే మొదటి వెలుగులో 10 శాతానికి పడేదాకా పట్టే సమయం. 250 ల్యూమెన్లతో మొదలై అయిదు నిమిషాల్లో 40కి పడి, ఆ తర్వాత గంటల తరబడి ఆ 40 దగ్గరే నడిచినా, ఆ గంటలన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రమాణం మంచిదే, అది లేని రోజుల్లో ఎవరి అంకె వారిదే. కానీ ఆ రెండు అంకెలూ పక్కపక్కన అచ్చేస్తే చదివేవాళ్లు అంతసేపూ 250 వస్తుందని అనుకుంటారు. మేమూ అలాగే అచ్చేశాం. ఈసారి వెలుగు, సమయం గ్రాఫే అట్ట మీద వేయించాం.

కొత్త మోడల్‌లో పై స్థాయి 100 ల్యూమెన్లు. సెల్ నుంచి దాదాపు 1 ఆంపియర్, 2,000 మిల్లీఆంపియర్ అవర్ రీచార్జి సెల్‌తో రెండు గంటలకి అటూ ఇటూగా. మధ్య స్థాయి 15, కింది స్థాయి 1 ల్యూమెన్. అమ్మకాల బృందంతో దీని మీద గట్టి వాదనే జరిగింది. రెండు నమూనాలు చీకటి గదిలో వాళ్ల చేతికే ఇచ్చాను. కన్ను వెలుగుని లెక్క ప్రకారం చూడదు, సగానికి తగ్గినా కొంచెం తగ్గినట్టే అనిపిస్తుంది. 250కీ 100కీ మధ్య తేడా వాళ్లు గుర్తించారు గానీ, అది వాళ్లు అనుకున్నంత లేదు. నాలుగు నిమిషాలకి 250ది 100 కంటే కిందికి జారాక ఇక వాదన సాగలేదు.

కింది స్థాయిల కోసం పాత మోడల్‌లో ఎల్ఈడీని సెకనుకి వందల సార్లు ఆర్పి వెలిగించేవాళ్లం. ఇప్పుడు కరెంటునే తగ్గిస్తున్నాం. తక్కువ కరెంటు దగ్గర ఎల్ఈడీ వాటుకి ఎక్కువ వెలుగిస్తుంది. ఆర్పి వెలిగించే పద్ధతిలో వెలిగిన ప్రతి క్షణమూ పూర్తి కరెంటే కాబట్టి ఆ లాభం దక్కదు. చెయ్యి ఊపితే వేళ్లు ముక్కలు ముక్కలుగా కనబడే ఇబ్బందీ పోయింది. సెల్ వోల్టేజి 1.0కి దిగితే మధ్య స్థాయికి, 0.9కి దిగితే కింది స్థాయికి టార్చి తనంతట తానే తగ్గుతుంది. చీకట్లో ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఆరిపోవడం కంటే మసకగా గంటసేపు ఉండటం మేలు.

వెలుగు ఎక్కడ పడాలి

పాత రిఫ్లెక్టరు అద్దంలా నున్నగా ఉండేది. మధ్యలో 1,600 క్యాండెలా, అంటే ఒక దిక్కుకి పోయే వెలుగు తీవ్రత. దూరం కొలిచే సూత్రం సులభం: క్యాండెలా వర్గమూలానికి రెట్టింపు. 40కి రెట్టింపు 80 మీటర్లు. అంత దూరాన పడే వెలుగు 0.25 లక్స్, దాదాపు నిండు పున్నమి వెన్నెలంత. కానీ ఈ సైజు టార్చితో 80 మీటర్ల దూరం ఎవరు చూస్తారు? ఫ్యూజు బోర్డు, మంచం కింద, మెట్లు, తాళం కన్నం. చేతి దూరంలో తెల్ల కాగితం మీద వేస్తే మధ్య చుక్క కళ్లు చెదరగొట్టి, చుట్టూ ఉన్న అక్షరాల్ని మింగేస్తుంది. రిఫ్లెక్టరు తీసి, పైన గులకల్లాంటి గరుకు ఉన్న ప్లాస్టిక్ లెన్సు పెట్టాం. ఎల్ఈడీ నుంచి ముందుకీ పక్కలకీ వచ్చే కిరణాలు రెండూ అది మలుస్తుంది. 625 క్యాండెలాకి, 50 మీటర్లకి తగ్గాం. నాకు బాధ లేదు.

రంగు విషయంలో మాత్రం నేను పట్టుబట్టాను. పాత ఎల్ఈడీ 6,500 కెల్విన్, అంటే నీలి ఛాయ తెలుపు, రంగుల్ని ఉన్నవున్నట్టు చూపే సూచీ నూటికి 70. దాని వెలుగులో ఒక రెసిస్టర్ పట్టుకుంటే గోధుమ, ఎరుపు, నారింజ చారలు మూడూ ఒకే మట్టి రంగు. గోధుమ చార అంటే 1, ఎరుపు 2, నారింజ 3. తప్పు చదివితే తప్పు విలువ. 4,500 కెల్విన్, సూచీ 90 ఉన్న ఎల్ఈడీ కింద అదే రెసిస్టర్ పెడితే మూడూ విడివిడిగా వచ్చాయి. వెలుగులో 15 నుంచి 20 శాతం పోయింది, దాన్ని కరెంటు కాస్త పెంచి సర్దాం. వైర్ల రంగు చూసేవాళ్లకి, గాయం చూసేవాళ్లకి ఆ పోయిన శాతం కంటే ఇది చాలా విలువైనది.

మొదటి నొక్కుకి కింది స్థాయే వెలుగుతుంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, పెద్ద వెలుగు దాన్ని క్షణంలో పాడుచేస్తుంది. పెద్ద వెలుగు కావాలంటే ఇంకో రెండు సగం నొక్కులు, అంతే.

మా దిద్దుబాటు తెచ్చిన కొత్త తప్పు

ఎఫ్ఎల్ 1 ప్రకారం కనీసం ఒక మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద ఆరు కోణాల్లో పడేయాలి. పడేశాం. ఏదీ విరగలేదు, కానీ పడ్డ ప్రతిసారీ వెలుగు స్థాయి మారిపోయింది. సెల్ బరువుకి స్ప్రింగు నొక్కుకుని, ముందు కొన ఒక్క క్షణం వదిలేస్తోంది. మా సర్క్యూటు దాన్ని సగం నొక్కు అనుకుంటోంది. మెట్లు దిగుతూ జేబులోంచి జారిపడితే 15 ల్యూమెన్లది ఒక్కసారిగా 100 అయి మొహాన కొట్టొచ్చు.

ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే దెబ్బకి కరెంటు తెగేది కొద్ది మిల్లీసెకన్లే. మనిషి వేలు ఎంత చురుకుగా నొక్కినా అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. మైక్రోకంట్రోలరుకి కరెంటిచ్చే చోట కెపాసిటర్ పెద్దది చేసి, కరెంటు 20 మిల్లీసెకన్ల లోపు తెగితే లెక్కచేయొద్దని ప్రోగ్రాం మార్చాం. ముందు వైపు కూడా చిన్న స్ప్రింగు పెట్టాం, ఎటు కదిలినా సెల్‌ని ఒకటి పట్టుకుని ఉంటుంది. ఆ స్ప్రింగుని ప్లాస్టిక్ వలయంలో కొంచెం లోతుగా దించాం కాబట్టి సెల్ తిరగేసి పెడితే చదునైన అడుగు దానికి తగలదు. ఇలా తిరగేసి పెట్టినప్పటి రక్షణకి, కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ వాడలేం, 1.5 వోల్టుల్లో దానికి వాటా ఇవ్వడం కుదరదు. మాస్‌ఫెట్ (వోల్టేజి ఇస్తే తెరుచుకుని కరెంటుని పోనిచ్చే ట్రాన్సిస్టర్) అయితే అంత తక్కువ వోల్టేజికి సరిగా తెరుచుకోదు. వలయం ఖర్చు లేనిది, చెడిపోనిది.

గొట్టం లోపలి వ్యాసం ముందు 14.5 మిల్లీమీటర్లు, అంటే డబుల్ ఏ సెల్‌కి ప్రమాణం అనుమతించే గరిష్ఠం అంతే. కొద్దిగా ఉబ్బితే చాలు, ఇరుక్కుపోతుంది. 15 చేశాం, గలగలలాడకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేశాం. ముందు భాగం కూడా మర విప్పితే వచ్చేలా మార్చాం. ఇప్పుడు సెల్ లీకై అతుక్కున్నా ఒక పక్క నుంచి పుల్లతో తోసేయొచ్చు. ఈ మార్పుకి అదనంగా ఒక ఓ-రింగు, ఒక మర. ఫిర్యాదు పెట్టెలో చూసినవాటిలో చాలా టార్చిలు ఈ ఒక్క మార్పుతో బతికేవి.

14500 లిథియం సెల్ కూడా ఇదే కొలతలో ఉంటుంది, పూర్తిగా ఛార్జయితే 4.2 వోల్టులు. ఎవరో ఒకరు పెడతారు. బూస్ట్ సర్క్యూటు వోల్టేజిని పెంచగలదు గానీ తగ్గించలేదు, 4.2 నేరుగా 3 వోల్టుల ఎల్ఈడీ మీదికి వెళ్లిపోతుంది. ఎల్ఈడీ దారిలో ఒక మాస్‌ఫెట్ పెట్టి, సెల్ వోల్టేజి 2 దాటితే అది తెరుచుకోకుండా చేశాం. టార్చి వెలగదు, కాలదు.

యూఎస్‌బీ-సీ ఛార్జింగు అడిగారు, ఈ మోడల్‌లో వద్దన్నాం. మూలన పడి ఉండే టార్చికి రంధ్రం ఒకటి తగ్గితే అంత మంచిది. లిథియం సెల్‌తో చేసిన తోబుట్టువు మోడల్‌లో ఇచ్చాం, అక్కడ మొదటి బోర్డుల్లో, అవతల పరికరం ఉందని ఛార్జరుకి తెలిపే సీసీ పిన్నుల మీద ఉండాల్సిన రెండు 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు వేయడం మరిచాం. అవి లేకపోతే రెండు కొనలూ సీ ఉన్న కేబుల్‌తో ఛార్జరు అసలు కరెంటే వదలదు. వేడి గురించి చాలా వారాలు పనిచేశాం, రాగి బోర్డు, ఒకే ముక్కగా చెక్కిన తల. 100 ల్యూమెన్లకి దిగాక అందులో సగం అవసరం లేకపోయింది.

ఇంకా తేలనిది వెనక మూత మీది రబ్బరు టోపీ. లోపల సెల్ వాయువు వదిలితే అది ఉబ్బి హెచ్చరిస్తుంది, అది మంచిదే. కానీ బూట్ల కింద నలిగితే చిరుగుతోంది, చిరిగితే నీళ్లు స్విచ్చిలోకే వెళ్తాయి. చుట్టూ అల్యూమినియం గోడ ఎత్తు పెంచితే రక్షణ వస్తుంది, చేతి తొడుగులతో నొక్కడం కష్టమవుతుంది. ప్రస్తుతం మూడు ఎత్తుల నమూనాలు వాడుకలో ఉన్నాయి. వాటితో పాటు, కొత్త ఆల్కలైన్ సెల్స్ వేసిన పది టార్చిలు తేదీ చీటీలు అంటించి నా బల్ల కింది సొరుగులో పెట్టాను. ఏడాది నిండిన రోజు ఒక్కొక్కటిగా తీసి నొక్కాను. పదీ వెలిగాయి. సెల్స్ మార్చకుండా మళ్లీ సొరుగులోనే పెట్టేశాను.